రంగు చేతుల ఆర్చీ

సాయంత్రం నాలుగు దాటింది. పొద్దుటి నుంచీ సన్నగా వాన, పడింది పడ్డట్టే గడ్డకడుతోంది. మార్చి నెలాఖరులో కూడా ఇదే గోల ఈ మిషిగన్‌లో. డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లి వచ్చాను, అయినా అద్దంలా ఉంది. కూర్చో నీహారికా, పర్లేదు, నీ గదిలో హీటర్ ఎలాగూ సరిగ్గా పనిచెయ్యదు. ఆ వెల్లుల్లి నువ్వే ఒలువు. ఇందాక మావారు ఫోన్ చేశారు. హైవే మీద అందరూ నెమ్మదిగా పోతున్నారట, ముందర ట్రక్కొకటి పక్కకి జారి పడుందట. మళ్ళీ చెయ్యకండి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి అన్నాను. మా కృతి వెనక సీట్లో ఉందట. నిద్రపోతోందా అంటే, కాదు, కళ్ళు మూసుకుందంతే, దాని రూమ్మేట్ సాన్వి పక్కనే కూర్చుని పలకరిస్తూనే ఉంది అన్నారు. సరే. వస్తారు. నిన్న నీకు సగమే చెప్పాను కదూ. కృతి కాలేజీ టీములో రగ్బీ ఆడుతుంది, తెలుసుగా, ఆ కోడిగుడ్డు బంతి ఆట. నిన్న కలమజూలో మ్యాచ్. తలకి దెబ్బ తగిలింది. రాత్రంతా అక్కడే హాస్పిటల్లో ఉంచారు. మధ్యాహ్నం మళ్ళీ స్కాన్ తీసి, ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు. అంతే సంగతి. అత్తయ్యకి చెప్పలేదు. ఇంకో మ్యాచ్ ఉండి ఆగిపోయిందన్నాం. ఎనభై రెండేళ్ళు ఆవిడకి, ఒంటరిగా వదల్లేక నేను వెళ్ళలేదు, ఆయన్ని పంపించాను. గట్టిగా మాట్లాడకు, పక్కగదిలో కునుకు తీస్తున్నారు. ఏదో ఒకటి అడుగు, మాట్లాడుకుందాం. ఏమిటీ? ఆ ఫొటోనా? అందరూ మొదటిరోజే అడుగుతారు, నువ్వు అద్దెకి దిగి నెల ఆగావు. నిజమే, పదిహేనుమంది తెల్లవాళ్ళు, మీసాలు, మోకాళ్ళ దాకా నిక్కర్లు, మా డైనింగ్ టేబుల్ పక్కన వీళ్ళకేం పని?

కింది వరసలో ఎడమ నుంచి రెండో ఆయన్ని చూడు. అందరూ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారా? ఈయనొక్కడే చంకల్లో దాచుకున్నాడు. పేరు ఆర్చీ గిల్‌ఫిలన్. స్కాట్లాండ్ ఆయన. ఈ ఫొటో తీసి నూట ఇరవై ఏళ్ళు అయ్యుంటుంది. చేతులెందుకు దాచాడో చెప్తాను, ముందు ఆ అద్దం మీద మరక సంగతి చెప్పనీ. కుంకుమ అది. మా అత్తయ్య పని. వచ్చిన కొత్తలో చూశారు, ఏమీ అడగలేదు, గురువారం పొద్దున చూస్తే ఈయనకి బొట్టు, ఫ్రేము మీద చామంతి పువ్వు. "ఎవరనుకుంటున్నారత్తయ్యా ఈయన్ని?" అన్నాను. "ఎవరైతే ఏమే వసంతా, ముఖంలో శాంతం ఉంది" అన్నారు. "రగ్బీ ఆడేవాడత్తయ్యా, మీదపడి మనుషుల్ని కింద పడేసేవాడు." "కృష్ణుడు మాత్రం పడెయ్యలేదా?" అన్నారు. ఆ మరక తుడవబోయి ఎన్నిసార్లో మానేశాను. నిన్న రాత్రి నేనే వెళ్ళి ఇంకాస్త పెట్టాను. నవ్వకు. నవ్వులే, పర్లేదు.

ఈయన కూతురు ఇసబెల్ గారు. మన పక్కింట్లో ఉండేది, ఇప్పుడా గుజరాతీ వాళ్ళుంటున్న ఇల్లు. మేము చాండ్లర్ నుంచి ఇక్కడికి మారిన ఏడాదే పరిచయం అనుకుంటా. ఆరిజోనాలో మంచెక్కడ చూశాం? మొదటి మంచు పడ్డ రోజు నేను ఇంట్లో చెత్త ఎత్తే చేట తీసుకుని వాకిలి ఊడవటానికి దిగాను. నిజంగా! కారు మీద మంచు తియ్యడానికి వేడినీళ్ళు కాచి బకెట్లో తెచ్చుకున్నాను కూడా. ఎనభై దాటిన మనిషి, పొడుగ్గా, వెదురుకర్రలా ఉండేది, పార పట్టుకుని అడ్డంగా వచ్చేసింది. "ఆ నీళ్ళు పోశావంటే అద్దం పగులుతుంది, నేల గడ్డకట్టి నీ నడుం విరుగుతుంది. నీకు ఏది ముందు కావాలి?" అంది. నా పూర్తి పేరు నోరు తిరగలేదు, చివర ఉన్న లక్ష్మిని పట్టుకుని అప్పటి నుంచీ 'లక్స్' అనేది. ఆమెకి పిల్లల్లేరు. భర్త ఎప్పుడో పోయాడు. జలుబు చేస్తే మన చారు గ్లాసుల కొద్దీ తాగేది, "లక్స్, మీ సూపు తాగితే మా నాన్న లేచొస్తాడు" అనేది. ఏ మాట మొదలుపెట్టినా నాన్న దగ్గరికే వచ్చి ఆగేది. కృతికి అప్పుడు ఎనిమిదో తొమ్మిదో. స్కూలు నుంచి రాగానే పక్క పెరట్లో ఉండేది. ఇసబెల్ గారు మడత కుర్చీలో కూర్చుని బంతి విసరడం, ఇది పరిగెత్తడం. నేను భరతనాట్యం క్లాసులో చేర్పిస్తే, గజ్జెలతోనే వెళ్ళి బురదలో ఆడొచ్చింది. ఏం చెయ్యను. అలా తగులుకుంది ఆ ఆట. అప్పుడప్పుడూ విసుక్కునేదాన్ని కూడా, ఈ ముసలావిడ లేకపోతే నా పిల్ల బుద్ధిగా చెస్సో స్విమ్మింగో నేర్చుకునేది కదా అని. నిన్న మధ్యాహ్నం నుంచీ మాత్రం... ఆ, ఆ గిన్నెలో వెయ్యి రెబ్బలు. చాలు.

ఆర్చీ గారి ఊరు స్కాట్లాండ్ దక్షిణాన, ఇంగ్లండ్ పొలిమేరలో. ఊరి పేరు నాకు పలకదు. అన్నీ ఉన్నిమిల్లులేనట. ఈయన రంగు వేసే షెడ్డులో పని. పెద్ద పెద్ద తొట్లు, మరిగే నీళ్ళు, అందులో నీలం, ఎరుపు రంగులు, ఉన్ని ముంచి తియ్యాలి. మోచేతుల దాకా రంగు. సబ్బేసి తోమినా పోయేది కాదట. ఆదివారం చర్చికి చేతులు జేబుల్లో పెట్టుకునే వెళ్ళేవాడు. అదీ ఫొటోలో సంగతి. ఫొటోగ్రాఫరు అన్నాడట, "అయ్యా, నువ్వు చేతులు కనపడకుండా పెట్టుకో, దయ్యంలా పడుతుంది" అని. స్కాట్లాండ్ టీము కదా, మిగతావాళ్ళంతా డాక్టర్లు, లాయర్లు, పెద్ద కాలేజీల్లో చదివినవాళ్ళు. ఈయనొక్కడే మిల్లు మనిషి. ఆట మాత్రం అలా ఆడేవాడట. పదహారేళ్ళకి ఊరి క్లబ్బులో చేరాడు. ముందుండే ఎనిమిది మంది ఒకళ్ళ భుజాలొకళ్ళు పట్టుకుని తోసుకుంటారే, అందులో ఒకడు. అప్పట్లో వాళ్ళ పద్ధతేమిటంటే బంతిని చేత్తో పట్టుకోవడం కంటే, గుంపంతా కలిసి కాళ్ళతో తన్నుకుంటూ అవతలి వాళ్ళ మీదకి వెళ్ళిపోవడం. అడ్డంగా పడుకుని ఆపాలట ఆ బంతిని. తలుచుకో. పైసా లేదు ఆటకి. తీసుకోకూడదు. తీసుకున్నాడని తెలిస్తే ఇక జన్మలో గ్రౌండు గేటు లోపలికి రానివ్వరు. స్కాట్లాండ్‌కి ఎంపికైనా, నిక్కరూ బూట్లూ నువ్వే తెచ్చుకో అన్నారట. జెర్సీ మాత్రం ఒకటిచ్చారు. వచ్చే ఆటకి మళ్ళీ అదే వేసుకు రావాలి. మొదటి మ్యాచ్‌లో భుజం దగ్గర చిరిగితే వాళ్ళమ్మ దుప్పటి దారంతో కుట్టింది, రెండో మ్యాచ్‌కి అదే వేసుకెళ్ళాడు. ఒక టోపీ కూడా ఇస్తారు, దేశానికి ఆడినందుకు. నేను క్రికెట్ టోపీ లాంటిదనుకున్నాను. ఇసబెల్ గారు పెట్టె తెరిచి చూపించింది, ముఖమల్ గుడ్డ, పైనుంచి బంగారు కుచ్చు. మన పెళ్ళి బ్యాండు వాళ్ళ టోపీ! నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆవిడే అంది, "సర్కస్ కోతి టోపీలా లేదూ? మా అమ్మ అలాగే అనేది."

ఇప్పుడు అసలు సంగతి. ఆ రంగుల షెడ్డులో ఎప్పుడూ ఆవిరేనట. కిటికీలు చలికని మూసేసేవాళ్ళు. ఆ ఆవిరికీ, మందుల వాసనకీ మనుషులకి తల తిరిగేది. తిరిగినట్టు వాళ్ళకే తెలిసేది కాదు, నవ్వుతూ వెళ్ళి మరిగే తొట్లో చెయ్యి పెట్టేసేవాళ్ళు. అందుకని అక్కడి మేస్త్రి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. షెడ్డులో తిరుగుతూ ఒక్కొక్కణ్ణీ అడిగేవాడు, "ఏమోయ్, పొద్దున ఏం తిన్నావు?" అని. పేరు అడిగితే ఎవడైనా చెప్తాడు. ఊరు చెప్తాడు. ఇవాళేం వారమో కూడా చెప్తాడట. పొద్దున తిన్నది మాత్రం తల తిరిగినవాడికి గుర్తుండదు. తడుముకున్నాడా, ఇంకేదో చెప్పాడా, చొక్కా పట్టుకుని బయటికి లాగి గాలిలో కూర్చోపెట్టేవాడు. వాదన లేదు. నువ్వు పొద్దున ఏం తిన్నావు? చూశావా, బ్రెడ్డూ జామూ అని టక్కున చెప్పావు. రోజూ అదే తింటున్నావు, మీ అమ్మకి తెలిస్తే నన్ను తిడుతుంది. వరంగల్ పిల్లవి, సర్వపిండి చేసుకోవచ్చు కదా, బియ్యప్పిండి అక్కడే ఉంది, నన్నడగక్కర్లేదు. ఏం చెప్తున్నాను? ఆ. మేస్త్రి. ఆర్చీ గారు ఆ షెడ్డులో పదేళ్ళు చేసేసరికి ఆయన కూడా అదే అడగడం మొదలుపెట్టాడు. ఇంట్లో, వీధిలో, చివరికి తాగినవాణ్ణి కూడా. ఊళ్ళో అదొక వెక్కిరింత. "అదుగో ఆర్చీ వస్తున్నాడు, ఏం తిన్నారో గుర్తుచేసుకోండ్రా" అని.

రెండు టోపీలు వచ్చాయి. మూడో దానికి పేరు పేపర్లో కూడా వచ్చేసింది, వచ్చే శనివారం ఆట. ఈ శనివారం ఊరి మ్యాచ్, కొండ అవతలి ఊరితో. ఆ రెండు ఊళ్ళకీ పడదు. మన దగ్గర పక్కపక్క కాలేజీల వాళ్ళు కొట్టుకునేవాళ్ళే, అలాగే. ఈయన కెప్టెను. నేల గడ్డకట్టకుండా రాత్రంతా గ్రౌండు మీద గడ్డి పరిచి ఉంచి, పొద్దున తీసేశారట. అయినా రాయిలానే ఉంది. ఎంపిక చేసే పెద్దమనుషులు ఎడింబరా నుంచి వచ్చి గ్యాలరీలో కూర్చున్నారు. టామ్ అని ఒకాయన, ఈయన ఈడువాడే, ఈయన షెడ్డులోనే పని, ఈయన ఇంట్లోనే అద్దెకుంటాడు. టామ్‌ని ఎవడో కిందికి లాగాడు, తల నేలకి కొట్టుకుంది. డాక్టరా పాడా, ఒక బకెట్ చన్నీళ్ళు, ఒక స్పాంజి. ఆ స్పాంజి ముఖాన పిండితే లేచి నిలబడాలి. నిలబడ్డాడు టామ్. "నాకేం కాలేదు" అన్నాడు. జనమంతా చప్పట్లు. ఇప్పుడంటే ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరు వస్తారు. అప్పట్లో అది లేదు, నీహారికా. దిగినవాడు దిగినట్టే, మిగిలినవాళ్ళే ఆడాలి. అందుకని ఎవడూ దిగేవాడు కాదు. విరిగిన చెయ్యి జెర్సీలో దూర్చుకుని ఆడేవాళ్ళట. దిగడం అంటే తోటివాళ్ళని నడిరోడ్డు మీద వదిలేసినట్టు. ఆర్చీ గారు టామ్ దగ్గరికెళ్ళి అడిగాడు, "టామ్, పొద్దున ఏం తిన్నావు?" ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఓట్స్ జావ తాగి వచ్చారు. టామ్ నవ్వాడట. "మా అమ్మ చేప వేయించింది" అన్నాడు. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళు.

ఇసబెల్ గారు ఇక్కడికి రాగానే, ప్రతిసారీ, టీ కప్పు కిందపెట్టేది. ఆర్చీ గారు భుజం పట్టుకుని గీత అవతలికి తీసుకెళ్ళి కూర్చోపెట్టాడు. వెనక్కి తిరిగేసరికి టామ్ మళ్ళీ గ్రౌండులో ఉన్నాడు. మళ్ళీ తీసుకెళ్ళాడు. మళ్ళీ వచ్చేశాడు. ఎవరైనా పట్టుకోండయ్యా అంటే ఎవరూ కదల్లేదు, వాడు ఆడతానంటుంటే నీకేం అన్నారు. రిఫరీ అడిగాడట, "గిల్‌ఫిలన్, ఆట మొదలుపెట్టనా?" అని. ఈయన "పెట్టండి" అని చెప్పి, టామ్‌ని రెండు చేతులతో ఎత్తుకుని గీత దాటి, గడ్డివాము మీద పడేసి, మీద కూర్చున్నాడు. ఆట అయిపోయేదాకా లేవలేదు. పదమూడు మంది ఆడారు. ఓడిపోయారు. జనం ఈయన మీద మట్టిబెడ్డలు విసిరారు. నీలం చేతులు, టామ్ తెల్ల నిక్కరు మీద ఆ నీలం అచ్చులు పడ్డాయట. టామ్ కాసేపు తిట్టాడు, కొరికాడు, తర్వాత వాంతి చేసుకుని స్పృహ తప్పాడు. రెండు రోజులు. తర్వాత లేచాడు.

లేచాడు కదా అని ఊరేం మెచ్చుకోలేదు. సోమవారం స్కాట్లాండ్ టీములోంచి పేరు తీసేశారు. రూలేం లేదు తియ్యడానికి. ఆట మధ్యలో దిగిపోయినవాణ్ణి ఎలా నమ్మడం అన్నారట. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. ఊళ్ళో రెండో టీములో నాలుగేళ్ళు ఆడాడు. పబ్బులో పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, టామ్ తప్ప. తర్వాత యుద్ధం, తర్వాత మిల్లులో పని తగ్గడం, చివరికి డెట్రాయిట్ వచ్చేశాడు. కార్ల ఫ్యాక్టరీలో ఏ పనిచ్చారనుకుంటున్నావ్? రంగులే. పెయింట్ షాపు. "మా నాన్న చేతులు స్కాట్లాండ్‌లో నీలం, అమెరికాలో నలుపు, శవపేటికలో పెట్టినప్పుడు మొదటిసారి తెల్లగా చూశాను" అనేది ఇసబెల్ గారు. అక్కడ కూడా పెయింట్ కొట్టేవాళ్ళని అదే అడిగేవాడట. వాళ్ళలో పోలండ్ వాళ్ళు, ఇటలీ వాళ్ళు, నల్లవాళ్ళు, ఎవరేం తింటారో ఈయనకి తెలియదు కదా. అందుకని పొద్దున గేటు దగ్గరే అందరి డబ్బాలూ తెరిపించి చూసేవాడట, తర్వాత సరిచూసుకోవడానికి! సాసేజి కోసం వస్తున్నాడని మొదట్లో డబ్బాలు దాచుకునేవాళ్ళట.

నేనొకసారి అడిగాను ఆవిణ్ణి. ఆ మూడో టోపీ పోయినందుకు మీ నాన్న బాధపడ్డాడా అని. బాధపడలేదు, మంచి పని చేశాననే తృప్తి ఉండేది, అలాంటిదేదో చెప్తుందనుకున్నాను. "బాధపడలేదా? చచ్చేదాకా బాధపడ్డాడు, లక్స్" అంది. రేడియోలో స్కాట్లాండ్ మ్యాచ్ వస్తే లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయేవాడట. ఎవరైనా మంచి పని చేశావంటే కోపం వచ్చేదట. ఆ మూడో ఆట స్కాట్లాండ్ గెలిచింది కూడా. "నేనుంటే ఇంకా బాగా గెలిచేవాళ్ళం" అనేవాడట. అయినా... అదే నాకు బాగుంటుంది, నీహారికా. అంత కావాలనుకున్నదాన్ని వదులుకున్నాడు. వదులుకున్నాక కూడా కావాలనే అనుకున్నాడు. ఒకసారి టామ్ ఓడెక్కి డెట్రాయిట్ వచ్చాడట, ఇసబెల్ గారికి పదేళ్ళు అప్పుడు. లావుపాటి మనిషి, నలుగురు పిల్లల తండ్రి. వంటింట్లో కూర్చుని మూడు గిన్నెల జావ తాగాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి టామ్ అన్నాడట, "జావ, ఆర్చీ. జావ తిన్నాను" అని. అంతే, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ నవ్వేది అది చెప్పి. నేనూ నవ్వేదాన్ని. ఇంకోసారి చెప్పండి అని కృతి ఒళ్ళో ఎక్కేది. తను పోయేముందు ఆ టోపీలు రెండూ వాళ్ళ ఊరి క్లబ్బుకి పంపించేసింది. ఫొటో కృతికిచ్చింది. "ఇది బంతి విసరగలిగే ఇంట్లో ఉండాలి" అంది.

ఎవరిదో కారు. కాదు, అటు వెళ్ళిపోయింది. ఉప్పు ట్రక్కు అనుకుంటా. ఇంకా చీకటి పడలేదులే. స్టవ్ సన్నం చెయ్యి.

శుక్రవారం సాన్వి మనింట్లోనే పడుకుంది కదా, నువ్వు ల్యాబ్‌లో ఉన్నావు. కృతీ, సాన్వీ ఒకే గదిలో ఉంటారు కాలేజీలో కూడా. వాళ్ళమ్మా నాన్నా ప్లేనోలో ఉంటారు, సెలవొస్తే ఆ పిల్ల మా ఇంటికే వస్తుంది. నిన్న పొద్దున ఆరింటికి లేపి ఉప్మా పెట్టాను. కృతి ముఖం నీకు తెలుసుగా, ఉప్మా చూస్తే ఎలా పెడుతుందో. "అమ్మా, గేమ్ డే కూడా ఉప్మానా? సీరియస్లీ?" సాన్వి మాత్రం రెండోసారి వేయించుకుంది. ఇది దానివైపు చూసి, "ట్రెయిటర్" అంది. వెళ్ళారు. సెకండ్ హాఫ్‌లో ఎవరి మోకాలో తగిలింది తలకి. పడింది, లేచింది. వాళ్ళ టీము ట్రెయినరు వచ్చింది, పాపం ఆ అమ్మాయిని ఏమీ అనను, చెయ్యవలసినవన్నీ చేసింది. ఏ గ్రౌండు, ఏ హాఫు, చివరి పాయింట్లు ఎవరివి అని అడిగింది, ఇది అన్నీ కరెక్టుగా చెప్పింది. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడింది. కళ్ళల్లో లైటు వేసింది, బాగానే ఉంది. ఆడొచ్చు అనబోతోందట. ఆ పిల్లలందరికీ ఆర్చీ కథ కృతి ఎన్నిసార్లు చెప్పిందో, టీములో అదొక అలవాటైపోయింది. ఆట ముందు ఎవరి జోడీకి వాళ్ళు ఏం తిన్నారో చెప్పుకుంటారు, జోకులా. సాన్వి పక్కకి వచ్చి అడిగింది, "కె, పొద్దున ఆంటీ ఏం పెట్టింది?" "పూరీ" అంది ఇది.

సాన్వి మొదట జోకేస్తోందనుకుంది. పూరీ మీద ఆశ కదా దీనికి. "విత్ వాట్?" అంది. "ఆలూ. నువ్వు నాలుగు తిన్నావు కదా, షేమ్‌లెస్" అందట. ముఖంలో నవ్వు లేదట. సాన్వే నాకు ఫోన్ చేసి చెప్పింది. ముందేమో, "ఆంటీ, డోంట్ ప్యానిక్, ఓకే? ప్రామిస్ మీ" అంది. తర్వాత, "ఆంటీ, షి సెడ్ పూరీ." "పూరీ ఏమిటమ్మా, నేను ఉప్మా కదా చేసింది" అన్నాను. "దట్స్ వాట్ ఐ మీన్, ఆంటీ" అని ఏడ్చేసింది. ట్రెయినరు నమ్మలేదట ముందు. పూరీకీ ఉప్మాకీ తేడా ఆ అమ్మాయికెలా తెలుస్తుంది? సాన్వి, "అయితే నేనూ ఆడను" అని దీని చెయ్యి పట్టుకుని బెంచి మీద కూర్చుంది. కృతి తిట్టిందట దాన్ని. ఫైనల్‌కి వెళ్ళే మ్యాచ్, పాడుచేస్తున్నావని. నీతో రూమ్ షేర్ చెయ్యను పో అందట. ఇరవై ఏళ్ళ స్నేహితురాలు కాదు, రెండేళ్ళదే. అయినా వదల్లేదు. ఆ బెంచి మీదే, కాసేపటికి, వాంతి. మాట ముద్దగా వచ్చింది. అంబులెన్స్. స్కాన్‌లో సన్నటి గీతలాగా రక్తం. ఆగిపోయింది, పెరగట్లేదు, దానంతటదే పోతుంది, రెస్ట్ ఇవ్వండి, ఆటలు ఇక ఈ ఏడు వద్దు అన్నారు. మావారు అడిగారట, "అమ్మాయి ఇంకో పది నిమిషాలు ఆడి ఉంటే?" అని. ఆ డాక్టరు మాట మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేదట. బాగానే చేశాడు. నేనైతే అడిగేదాన్నే కాదు.

మ్యాచ్ ఓడిపోయారు. కృతికి ఇంకా కోపం తగ్గలేదట సాన్వి మీద, హాస్పిటల్ మంచం మీదే మాట్లాడకుండా కూర్చుందట పొద్దున. ఉండనీ. ఎంత కోపం ఉంటే అంత ఉండనీ. కోపం తెచ్చుకోవడానికి మనిషి ఉండాలి కదా. సాన్వి వాళ్ళమ్మ జయంతికి ఫోన్ చేశాను ఇందాక. "జయంతీ, నీ కూతురు..." అన్నాను. "తెలుసు వసంతా, పెట్టెయ్, పిల్లలొచ్చాక చేద్దువుగాని" అంది. ఈ ఆర్చీ గారికి ఎవరికి చెప్పాలి చెప్పు థాంక్స్? ఇసబెల్ గారు పోయారు. వాళ్ళకెవరూ లేరు. ఆ షెడ్డు మేస్త్రి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆయన మనవాళ్ళని చూసింది లేదు, పూరీ అంటే ఏమిటో తెలియదు. ఒకణ్ణి ఎత్తుకుని గడ్డి మీద కూర్చోపెట్టాడు, ఊరు తిట్టింది. అంతేగా ఆయన చేసింది. అది నడిచి నడిచి కలమజూ దాకా వచ్చింది. నాకు పెద్ద మాటలు రావు, నీహారికా. కుంకుమ పెట్టాను. అదే చేతనయింది.

అత్తయ్య లేచినట్టున్నారు. "ఇదుగో వస్తున్నానత్తయ్యా! లేదు, ఇంకా రాలేదు. వాన కదా, నెమ్మదిగా వస్తున్నారు." ఆ చారులో కాస్త ఉప్పు చూడు, నాకు రుచి తెలియట్లేదు ఇవాళ. మెత్తగా అన్నం కలిపి...

ఆగు. లైట్లు. మన వీధిలోకే తిరిగింది. ఆ. మన వాకిట్లోనే. తలుపు తియ్యకు, చలి లోపలికొస్తుంది. కాదు, తియ్యి, తియ్యి. ఆయన దిగారు. కారు పట్టుకుని నడుస్తున్నారు, జారుతోంది. ఒకటి. అటువైపు సాన్వి, ఆ జాకెట్ కృతిది. రెండు. ఇటు వెనక తలుపు తీశారు ఆయన. వంగి ఏదో అంటున్నారు. సాన్వి కూడా తిరిగి వచ్చి వంగింది. ఎందుకు దిగట్లేదు. నీహారికా, ఎందుకు దిగట్లేదు... ఉండు. కాలు కింద పెట్టింది. బూట్లు లేవు, హాస్పిటల్లో ఇచ్చిన ఆ పసుప్పచ్చ మేజోళ్ళతోనే. సాన్వి చెయ్యి తోసేస్తోంది. మళ్ళీ పట్టుకుంది. నిలబడింది. మూడు.